సర్వర్ డౌన్! – యంత్రం చెడినా పని ఆగకూడదంటే...



ఈ రోజుల్లో "సర్వర్ డౌన్" అనే మాట తెలియని ఊరు లేదు. రేషన్ దుకాణంలో వేలిముద్ర తీసుకోకపోయినా, మీసేవ కేంద్రంలో ధృవపత్రం రాకపోయినా, బ్యాంకులో డబ్బు చేతికి అందకపోయినా కౌంటరు అవతల నుండి వచ్చే జవాబు ఒక్కటే: "సర్వర్ డౌన్, రేపు రండి." ఇంట్లో కంప్యూటరు, ఇంటర్నెట్ ఉన్నవాడు రాత్రి పదింటికి మళ్ళీ ప్రయత్నిస్తాడు. కూలి మానుకొని, బస్సు చార్జీలు పెట్టుకొని మండల కేంద్రానికి వచ్చినవాడికి మాత్రం ఆ ఒక్క మాటతో రెండు రోజుల కూలి పోతుంది. మన హాస్టల్ విద్యార్థుల కుల, ఆదాయ ధృవపత్రాలు, ఉపకార వేతనం దరఖాస్తు, హాల్ టికెట్టు, పరీక్షా ఫలితం అన్నీ నేడు సర్వర్ల మీదుగానే నడుస్తున్నాయి. కనుక సర్వర్ ఎందుకు ఆగుతుంది, ఆగకుండా ఎలా చూస్తారు అనేది మనకు సంబంధం లేని విషయం కాదు.

ఈ హాస్టల్‌లో చదువుకొని, నేడు సర్వర్ గదుల్లో, నెట్‌వర్క్ పనుల్లో ఉన్న మేము కొందరం కలిసి ఈ పాఠం రాస్తున్నాము. ఇది మీ సిలబస్‌లో లేదు. కానీ దీనికి కావలసిన లెక్క మీకు హైస్కూల్లోనే వచ్చు. పాఠం సారాంశం ముందే చెబుతాము: చెడిపోని యంత్రం లేదు. చెడిపోయినప్పుడు పని ఆగకుండా ముందే ఏర్పాటు చేసుకోవటమే అసలు విద్య.

1. దరఖాస్తు ప్రయాణం

మన మోతీనగర్ నుండి బోరబండ, యూసఫ్‌గూడ దాటితే జూబ్లీహిల్స్ వస్తుంది. అక్కడ డాక్టర్ మర్రి చెన్నారెడ్డి మానవ వనరుల అభివృద్ధి సంస్థ ఆవరణలో సెంటర్ ఫర్ గుడ్ గవర్నెన్స్ అనే సంస్థ ఉంది. 2001లో ఏర్పడిన ఈ సంస్థే మనం ఉపకార వేతనాలకు వాడే ఈ-పాస్ వ్యవస్థను తయారు చేసింది. అంటే మన దరఖాస్తు రూపం పుట్టింది మన పక్క పేటలోనే అన్నమాట.

ఇక ఏ దరఖాస్తైనా ఎలా ప్రయాణిస్తుందో చూద్దాం. మీరు ఇంటర్నెట్ సెంటర్లో "సబ్మిట్" నొక్కగానే అది ఆ గదిలోని రౌటరు గుండా, వీధిలోని కేబుల్ గుండా, ఇంటర్నెట్ కంపెనీ పరికరాల గుండా డేటా సెంటర్ చేరుతుంది. అక్కడ ఫైర్‌వాల్ అనే కాపలా యంత్రం దాన్ని తనిఖీ చేస్తుంది. తరువాత స్విచ్ అనే పరికరం దాన్ని సరైన సర్వర్‌కు పంపుతుంది. సర్వర్ దాన్ని చదివి డిస్కుల్లో భద్రపరుస్తుంది. వీటన్నిటికీ కరెంటు కావాలి, చల్లని గాలి కావాలి. ఇందులో ఏ ఒక్కటి ఆగినా కౌంటరు దగ్గర మనకు వినిపించేది "సర్వర్ డౌన్" అనే మాటే. నిజానికి చాలాసార్లు సర్వర్ బాగానే ఉంటుంది, దారిలో మరొకటి చెడి ఉంటుంది.

ఇప్పుడు లెక్క. సంవత్సరానికి 8,760 గంటలు. ఒక యంత్రం 99 శాతం కాలం పనిచేస్తుందంటే చాలా మంచిదనిపిస్తుంది. కానీ మిగిలిన ఒక శాతం అంటే 87 గంటలకు పైగా, అనగా మూడున్నర రోజులకు మించి ఆగిపోవటం. 99.9 శాతం అయితే 8 గంటల 45 నిమిషాలు. 99.99 అయితే సుమారు 53 నిమిషాలు. 99.999 అయితే ఐదు నిమిషాల పైచిలుకు. దీన్నే మా పనిలో "ఐదు తొమ్మిదులు" అంటారు.

దారిలో ఇటువంటి 99 శాతం యంత్రాలు ఐదు వరుసగా ఉన్నాయనుకోండి. అన్నీ ఒకేసారి బాగుంటేనే పని జరుగుతుంది. కనుక 0.99ను ఐదుసార్లు గుణించాలి. జవాబు సుమారు 0.951. అంటే సంవత్సరంలో దాదాపు 18 రోజులు పని ఆగినట్లే! ఒక్కొక్కటి మంచిదే అయినా, గొలుసు పొడవు పెరిగేకొద్దీ బలం తగ్గుతుంది.

2. యంత్రాలు ఎందుకు చెడతాయి?

మొదటి శత్రువు వేడి. మదర్‌బోర్డులపై, పవర్ సప్లైలలో చిన్న డబ్బాల వంటి కెపాసిటర్లు ఉంటాయి. వాటి లోపల ఒక ద్రవం ఉంటుంది. వేడికి అది క్రమంగా ఎండిపోతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సుమారు సగమవుతుందని ఇంజనీర్ల లెక్క. యూపీఎస్‌లలో వాడే లెడ్ యాసిడ్ బ్యాటరీలకూ ఇంచుమించు ఇదే సూత్రం వర్తిస్తుంది. 2000 సంవత్సరం ప్రాంతంలో ఆ ద్రవం నాసిరకంగా ఉన్న కెపాసిటర్లు ప్రపంచమంతటా మార్కెట్లోకి వచ్చాయి. కొన్నాళ్ళకే అవి పైభాగం ఉబ్బి, కారిపోయి, లక్షల కంప్యూటర్లు మూలపడ్డాయి. అందుకే సర్వర్ గదిలోకి వెళ్ళే గాలి 18 నుండి 27 డిగ్రీల మధ్య ఉండాలని సిఫారసు చేస్తారు. మన హైదరాబాద్‌లో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కనుక ఇక్కడ ఏసీ ఆగితే సర్వర్ ఎంతోసేపు నిలవదు.

రెండవ శత్రువు దుమ్ము. అది ఫ్యాన్ల రెక్కలకు పట్టి గాలిని అడ్డుకుంటుంది. తిరిగే భాగం ఏదైనా అరుగుతుంది కనుక ఫ్యాన్లు, హార్డ్ డిస్కులు ముందుగా చెడతాయి. మూడవది కరెంటు. పోవటం కంటే, పోయి వచ్చేటప్పుడు వచ్చే కుదుపు ఎక్కువ నష్టం చేస్తుంది.

వయసుకు కూడా ఒక లెక్క ఉంది. కొత్త యంత్రాల్లో తయారీ లోపాలు మొదటి కొన్ని నెలల్లోనే బయటపడతాయి. తరువాత చాలా కాలం చెడిపోవటం తక్కువగా ఉంటుంది. చివరకు ముసలితనం వచ్చి మళ్ళీ పెరుగుతుంది. దీన్ని గ్రాఫు గీస్తే రెండు వైపులా ఎత్తుగా, మధ్యలో పల్లంగా నీళ్ళ తొట్టి ఆకారంలో వస్తుంది. అందుకే కొత్త సర్వర్‌ను కొనగానే ముఖ్యమైన పనికి పెట్టకుండా, కొన్నాళ్ళు కష్టమైన పని ఇచ్చి పరీక్షిస్తారు.

3. "పది లక్షల గంటలు" అంటే?

హార్డ్ డిస్కు కాగితాలపై "సగటున 10 లక్షల గంటలకు ఒక వైఫల్యం" అని రాసి ఉంటుంది. 10 లక్షల గంటలంటే 114 సంవత్సరాలు. డిస్కు 114 ఏళ్ళు బతుకుతుందని దీని అర్థం కాదు. వెయ్యి డిస్కులు నడిపితే ఏడాదికి 9 చెడతాయని, అనగా 0.88 శాతమని అర్థం. 2007లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు సుమారు లక్ష డిస్కుల రికార్డులు పరిశీలించారు. నిజంగా మార్చవలసి వచ్చినవి ఏడాదికి సాధారణంగా 2 నుండి 4 శాతం, కొన్నిచోట్ల 13 శాతం వరకు ఉన్నాయి! అదే సంవత్సరం గూగుల్ కూడా తన లక్షకు పైగా డిస్కుల లెక్కలు ప్రకటించింది. డిస్కు తనలో తాను చేసుకునే పరీక్షల్లో ఏ హెచ్చరికా లేకుండానే చెడిపోయినవి చాలా ఉన్నట్లు అందులో తేలింది. అనగా కంపెనీ కాగితం ఒకటి చెబుతుంది, అనుభవం మరొకటి చెబుతుంది. తెలివైనవాడు తన దగ్గర ఎన్ని చెడ్డాయో తానే లెక్క రాసుకుంటాడు.

4. బయటికి కనపడని లోపాలు

పేరున్న కంపెనీ పరికరం కొంటే చాలదా అని అడగవచ్చు. రెండు ఉదాహరణలు చూడండి.

2017 ఫిబ్రవరిలో నెట్‌వర్క్ పరికరాలు తయారుచేసే సిస్కో కంపెనీ ఒక ప్రకటన చేసింది. తన కొన్ని రౌటర్లలో, స్విచ్‌లలో గడియారపు సంకేతం ఇచ్చే ఒక చిన్న భాగం లోపభూయిష్టమైనదని, సుమారు 18 నెలలు నడిచిన తరువాత అవి చెడటం మొదలవుతుందని చెప్పింది. చెడిన పరికరం మళ్ళీ లేవదు. బయటికి చూస్తే అంతా బాగానే ఉంటుంది. లోపల మాత్రం కాలం దగ్గరపడుతూ ఉంటుంది.

2019 నవంబరులో హ్యూలెట్ ప్యాకార్డ్ ఎంటర్‌ప్రైజ్ కంపెనీ ఇంకా విచిత్రమైన హెచ్చరిక చేసింది. కొన్ని రకాల సాలిడ్ స్టేట్ డిస్కులు సరిగ్గా 32,768 గంటలు నడిచాక చచ్చిపోతాయని, అందులోని సమాచారం తిరిగి రాదని చెప్పింది. 32,768 గంటలంటే 3 సంవత్సరాల 270 రోజుల 8 గంటలు. లెక్కల విద్యార్థులు ఈ సంఖ్యను చూడగానే గుర్తుపట్టాలి. అది 2 ఘాతం 15. గంటలు లెక్కపెట్టే చోట 16 బిట్లు మాత్రమే ఇచ్చి, అందులో ఒకటి రుణ, ధన గుర్తుకు పోతే, లెక్కించగల పెద్ద సంఖ్య 32,767. ఆ తరువాతి గంటకు లెక్క తప్పుతుంది. 2020 మార్చిలో మరికొన్ని డిస్కుల విషయంలో 40,000 గంటలకు ఇటువంటి హెచ్చరికే వచ్చింది. రెండింటికీ మందు ఒకటే: ఆ గంట రాకముందే కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించటం. నోటీసు చదివినవాడు బయటపడతాడు, చదవనివాడు మునుగుతాడు.

మరి ఒకే రోజు కొని, ఒకే రోజు బిగించిన ఎనిమిది డిస్కులుంటే? ఎనిమిదీ ఇంచుమించు ఒకే గంటలో పోతాయి. ఇక్కడే మన పాఠంలోని ముఖ్యమైన మలుపు ఉంది.

5. రెండు ఉంటే చాలా?

ఒకటి చెడితే రెండవది అందుకునేలా జంటగా పెట్టటం మా పనిలో మొదటి సూత్రం. లెక్క కూడా ఆశ్చర్యంగా ఉంటుంది. ఒక్కొక్కటి 99 శాతం పనిచేసే రెండు యంత్రాలు పక్కపక్కన పెడితే, రెండూ ఒకేసారి చెడే అవకాశం 0.01 ఇంటూ 0.01, అనగా పదివేలలో ఒకటి. 99 శాతం కాస్తా 99.99 శాతం అయింది! ఏడాదికి మూడున్నర రోజుల ఆటంకం 53 నిమిషాలకు దిగింది.

కానీ ఈ గుణకారానికి ఒక షరతు ఉందని మీ సంభావ్యత పాఠంలోనే ఉంది. రెండు ఘటనలు ఒకదానిపై ఒకటి ఆధారపడకూడదు. రెంటికీ ఒకే కారణం ఉంటే ఈ లెక్క చెల్లదు. మేము పనిచేసే చోట్ల చూసే తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే ఉన్నాయి. సర్వర్‌కు రెండు పవర్ సప్లైలు ఉంటాయి, రెండు వైర్లూ ఒకే బోర్డుకు తగిలించి ఉంటాయి. రెండు కంపెనీల ఇంటర్నెట్ కనెక్షన్లు తీసుకుంటారు, రెండు కేబుళ్ళూ ఒకే రోడ్డు పక్క ఒకే కాలువలో పోతాయి. మంచినీటి పైపు కోసం తవ్వే జేసీబీ ఒక్క దెబ్బకు రెండింటినీ తెంపుతుంది. జనరేటర్ ఉంటుంది, దాన్ని స్టార్ట్ చేయవలసిన బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. కాగితం మీద రెండు, నిజానికి ఒకటే.

దీనికి మన నగరంలో కనిపించిన ఉదాహరణ 2024 జూలై 19. ఆ రోజు క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్ వల్ల ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర చూపి కూలబడ్డాయి. ఆ యంత్రాల్లో ఏ భాగమూ కాలిపోలేదు. కానీ అన్నిట్లో ఒకే సాఫ్ట్‌వేర్ ఉండటం వల్ల అన్నీ ఒకే కారణంతో పడ్డాయి. శంషాబాద్ విమానాశ్రయంలో విమానాలు రద్దయ్యాయి. కొందరు ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు కలంతో రాసి ఇచ్చారు. గమనించండి, ఆ రోజు పని నడిపించినది కంప్యూటర్లతో ఏ సంబంధమూ లేని కాగితం, కలమే. నిజమైన "రెండవది" అంటే అలా ఉండాలి.

ఈ సూత్రాన్ని పెద్ద ఎత్తున పాటించిన చోటు కూడా మన దగ్గరే ఉంది. 2022 నవంబరులో అమెజాన్ కంపెనీ హైదరాబాద్‌లో తన క్లౌడ్ కేంద్రాలను ప్రారంభించింది. అందులో మూడు మండలాలున్నాయి. ఒకదానికి వరదో, నిప్పో, కరెంటు సమస్యో వచ్చినా మిగతావి నడిచేలా వాటిని దూరదూరంగా, వేరు వేరు కరెంటు ఏర్పాట్లతో కట్టటం వారి పద్ధతి.

6. ముగ్గురు సాక్షులు

మూడు ఎందుకు అనే ప్రశ్నకు జవాబు కోసం ఈసీఐఎల్‌ను తలచుకోవాలి. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారి కృషితో 1967లో హైదరాబాద్‌లో ఆ సంస్థ ఏర్పడింది. ఆయన పేరు మీదే ఏ.ఎస్.రావు నగర్ ఉంది. 1969లో వచ్చిన టీడీసీ-12 కంప్యూటరుతో మన దేశంలో కంప్యూటర్ల తయారీకి దారి వేసిన సంస్థ అది. అణు విద్యుత్ కేంద్రాల నియంత్రణ పరికరాలు కూడా అక్కడ తయారవుతాయి.

అణు కేంద్రాల రక్షణలో "మూడింట రెండు" అనే పద్ధతి వాడతారు. ఒకే విషయాన్ని మూడు పరికరాలు విడివిడిగా కొలుస్తాయి. కనీసం రెండు "ప్రమాదం" అంటేనే రియాక్టరు ఆగుతుంది. ఒక పరికరం చెడి తప్పుగా అరిచినా పని ఆగదు. ఒకటి చెడి మూగదైనా ప్రమాదం దాగదు. రెండే ఉంటే, అవి వేరు వేరు మాటలు చెప్పినప్పుడు ఎవరిని నమ్మాలో తెలియదు. మూడవ సాక్షి ఉంటే తీర్పు చెప్పవచ్చు. నేటి పెద్ద డేటాబేస్‌లలో కూడా సర్వర్లను తరచు మూడు, ఐదు చొప్పున బేసి సంఖ్యలో పెట్టేది ఇందుకే.

7. ఫిల్మ్‌నగర్ నేర్పే పాఠం

మన హాస్టల్ తమ్ముళ్ళకు సినిమా అంటే ఇష్టమని మాకు తెలుసు. కనుక ఫిల్మ్‌నగర్ వైపు కూడా చూద్దాం. "ఈగ" (2012), "బాహుబలి" (2015) వంటి సినిమాల గ్రాఫిక్స్‌లో ప్రధాన భాగం మన హైదరాబాద్‌లోని మకుట సంస్థలో తయారైంది. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. రెండున్నర గంటల సినిమా అంటే 2,16,000 ఫ్రేములు. గ్రాఫిక్స్ ఉన్న ఒక్కొక్క ఫ్రేమును లెక్కగట్టి గీయటానికి కంప్యూటరుకు గంటలు కూడా పడుతుంది. కనుక ఇటువంటి పనికి వందల సర్వర్లను కలిపి వాడతారు. దాన్ని రెండర్ ఫార్మ్ అంటారు.

ఆ వందలో ఒకటి చెడితే నష్టం ఏమీ లేదు. దాని చేతిలోని ఫ్రేము మరొక దానికి వెళుతుంది. కానీ తయారైన ఫ్రేములన్నీ భద్రపరిచే డిస్కుల పెట్టె ఒక్కటే ఉండి, అది చెడితే వంద సర్వర్లూ చేతులు కట్టుకొని కూర్చుంటాయి. ఎక్కడ వంద ఉన్నాయో కాదు, ఎక్కడ ఒక్కటే ఉందో వెతకాలి. జాగ్రత్త అంతా అక్కడ పెట్టాలి.

డిస్కుల పెట్టెలో ఒకటి చెడినా మిగతావి ఆదుకునే రైడ్ పద్ధతి ఉంటుంది. అయితే అది నకలుకు సమానం కాదు. పొరపాటున ఫైలు చెరిపేస్తే రైడ్ దాన్ని అన్ని డిస్కుల్లోనూ శ్రద్ధగా చెరిపేస్తుంది. 1998లో అమెరికాలో పిక్సార్ సంస్థ "టాయ్ స్టోరీ 2" తీస్తుండగా ఒక తప్పు ఆజ్ఞతో సినిమా ఫైళ్ళు చాలా వరకు చెరిగిపోయాయి. నకళ్ళు తీసే వ్యవస్థ ఉంది, కానీ అది కొంతకాలంగా సరిగా పనిచేయటం లేదని అప్పుడే తెలిసింది. పసిబిడ్డ తల్లి అయినందున ఇంటి నుండి పనిచేస్తున్న ఒక ఉద్యోగిని కంప్యూటరులోని ప్రతి వారిని ఆదుకుంది.

అందుకే మా పనిలో 3-2-1 అనే నియమం ఉంది. ముఖ్యమైన దానికి మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలపై, అందులో ఒకటి వేరే చోట. దీనికి మేము ఇంకొకటి కలుపుతాము: నెలకొకసారి ప్రతిని తెరిచి చూడాలి. తెరిచి చూడని ప్రతి ఉన్నా లేనట్లే.

8. మనం చేయవలసినవి

తమ్ముళ్ళూ, ఈ పాఠం మీ జీవితంలో ఎలా పనికివస్తుందో చెప్పి ముగిస్తాము.

మొదటిది, దరఖాస్తుకు చివరి తేదీ వరకు ఆగకండి. ఆఖరి రోజు లక్షల మంది ఒకేసారి వస్తారు. బాగున్న సర్వర్ కూడా ఆ రోజు కుంగుతుంది. దరఖాస్తు చేశాక రసీదు ప్రింటు తీసుకొని, దాని సంఖ్యను నోటు పుస్తకంలో కూడా రాసుకోండి. ధృవపత్రాల ప్రతులు ఒకటి హాస్టల్ పెట్టెలో, ఒకటి ఇంట్లో, ఒకటి ఈ-మెయిల్‌లో ఉంచండి. 3-2-1 నియమం మీకూ వర్తిస్తుంది.

రెండవది, ఈ పనిని ఉద్యోగంగా ఆలోచించండి. హైదరాబాద్‌లో డేటా సెంటర్లు పెరుగుతున్నాయి. వాటికి ప్రోగ్రాములు రాసేవారే కాదు, కరెంటు, ఏసీ, కేబుళ్ళు, సర్వర్లు చూసేవారు రాత్రింబగళ్ళు కావాలి. ఐటీఐ, పాలిటెక్నిక్ చదివినవారికి కూడా ఇందులో చోటుంది. పాత కంప్యూటరు ఒకటి దొరికితే విప్పి మళ్ళీ బిగించండి. ఏది ఎప్పుడు చెడిందో, ఎలా బాగయిందో రాసుకునే అలవాటు ఇప్పటి నుండే చేసుకోండి. ఈ రంగంలో ఆ పుస్తకమే గురువు.

మూడవది అన్నిటికంటే ముఖ్యం. రేపు మీలో ఎవరో ఒకరు ఏదో ఒక ప్రభుత్వ కార్యాలయపు సర్వర్ గది బాధ్యత తీసుకుంటారు. అప్పుడు తెరపై ఎర్ర దీపం వెలిగితే అది ఒక యంత్రం కథ మాత్రమే అనుకోకండి. తీగకు అవతలి చివర కూలి మానుకొని వచ్చిన తండ్రి, చివరి తేదీ దాటిపోతుందని దిగులుపడే విద్యార్థి ఉంటారు. యంత్రం చెడటం ఎవరి నేరమూ కాదు. అది చెడుతుందని తెలిసి కూడా రెండవ దారి పెట్టకపోవటం, సర్వర్ ఆగిన రోజులకు గడువు పొడిగించకపోవటం మాత్రం మనిషి చేసే తప్పే. మన హాస్టల్ నుండి వెళ్ళినవారు ఆ తప్పు జరగనివ్వరని మా నమ్మకం.

ఈ విషయంలో ఏ సందేహం వచ్చినా వార్షికోత్సవం రోజున మమ్మల్ని అడగండి. మీరందరూ బాగా చదివి, మంచి స్థానాల్లో నిలవాలని కోరుకుంటూ...

– మీ అన్నలు, పూర్వ విద్యార్థులు